ధిక్కారకథలో బొమ్మయు వ్యాఖ్యయు

రాజ్యాధికారమును ధిక్కరించినవారి కథను చెప్పుట యొక ఎత్తు. ఆ కథను చెప్పువాడు వినువానిపై తానే అధికారియై కూర్చుండకుండుట మఱియొక ఎత్తు. మొదటిదానికి ధైర్యము చాలును. రెండవదానికి శిల్పము కావలెను. మన దేశమున కొన్ని దశాబ్దములుగా ‘గ్రాఫిక్ నవల’ అను పేర వ్యాప్తిలోనికి వచ్చిన ప్రక్రియను ఈ రెండవ దృష్టితో పరిశీలింపవలెనని మా ఉద్దేశము. పేరు విషయమున మాకు పట్టుదల లేదు. ‘చిత్రనవల’ అనువారు కలరు. మేము ‘బొమ్మల నవల’ అనియే వ్యవహరింతుము. బొమ్మలు అనగానే పిల్లల పుస్తకమని ముఖము త్రిప్పుకొను పండితులకు ఒక్క మాట: తోలుబొమ్మలాటను తెల్లవారుదాక చూచినవారు పిల్లలు మాత్రమే కారు.

ఈ విచారణకు కారణమైన సందర్భమును ముందు చెప్పెదము. కొలది కాలము క్రిందట విశాఖపట్టణమున ఒక పుస్తకాల దుకాణములో ఒక బొమ్మల నవలాకర్త ప్రసంగమునకు మా పరిశోధక విద్యార్థులతో పోయితిమి. నిరంకుశాధికారమునకు లొంగని కొందఱి కథ అది. అలమారులను గోడవైపునకు జరిపి కుర్చీలు వేసిరి. రచయిత తెరపై ఒక్కొక్క బొమ్మనే చూపుచు, ఇది భయము, ఇది మౌనము, ఈ నల్లని నీడ రాజ్యము అని విడమరచి చెప్పెను. శ్రోతలు తలలూపిరి. తరువాత ప్రశ్నలు: ఏ కాగితము, ఏ కలము, ఎన్నాళ్లు పట్టినది? చిట్టచివర మా విద్యార్థిని ఒకతె లేచి, “ఆ నీడ రాజ్యమని మీరు చెప్పకున్నచో, మేము దానిని మఱియొకటిగా చూడవచ్చునా?” అని అడిగెను. రచయిత నవ్వి, “చూడవచ్చును, కాని అది తప్పగును” అనెను. సభయంతయు నవ్వినది. మాకు మాత్రము ఆ సమాధానము ఇల్లు చేరినదాక మనసును వదలలేదు. అధికారమును ఎదిరించు పుస్తకమునకు అర్థమొక్కటియే అని శాసించుటలో ఏదో వైరుధ్యమున్నది.

మూడు దినముల తరువాత పాటల సేకరణకై కిరండూల్ పోవు బండిలో టైడాకు పోయితిమి. శృంగవరపుకోట, బొడ్డవర దాటిన పిదప బండి కొండ నెక్కసాగును. శివలింగపురము, ఆ తరువాత టైడా. బైలదిల్లా ఇనుపరాతిని విశాఖ రేవునకు దింపుటకై 1960 దశకమున వేసిన దారి ఇది. మనుష్యులను ఎక్కించుకొనుట దానికి రెండవ పని. యాత్రికులకై అడవిలో కట్టిన కుటీరముల వలననే పట్టణవాసులలో పెక్కుమంది టైడాను ఎఱుగుదురు. అనంతగిరి మండలమునకు చెందిన ఈ గ్రామము 2022 ఏప్రిలు వఱకు విశాఖపట్టణము జిల్లాలో ఉండి, ఆ నెలలో అల్లూరి సీతారామరాజు పేర ఏర్పడిన జిల్లాలో చేరినది. ఈ పేరు సంగతి ముందు మరల వచ్చును.

మా సంచిలో ఒరిజిత్ సేన్ రచించి గీసిన ‘రివర్ ఆఫ్ స్టోరీస్’ ఉండెను. పాటలు చెప్పుటకు వచ్చిన ఒక వృద్ధురాలు నడుమ విరామమున దానిని చేతికి తీసికొనెను. ఆమెకు చదువు రాదు. పుటలను మొదటినుండి కాక తనకు తోచినచోటనుండి త్రిప్పెను. పట్టణములో ఒకరి ఇంట పనిచేయు గిరిజన యువతి బొమ్మయొద్ద వ్రేలు నిలిపి, “ఈ పిల్లది ఏ ఊరు బాబూ?” అని అడిగెను. నర్మదా నది అనియు, చాల దూరమనియు చెప్పితిమి. “నది పేరు కాదు బాబూ, ఊరి పేరు” అనెను. మేము పుస్తకము నందుకొని పుటలు వెదకుచుండగా ఆమె నవ్వి, తన మనుమరాలు కూడ విశాఖలో ఒకరి ఇంట పని చేయుచున్నదని చెప్పి, పాటను విడిచినచోట మరల ఎత్తుకొనెను.

ఆమె చూపు తప్పా? దుకాణములో విన్న సమాధానము ప్రకారము తప్పే అగును. ఆ పుస్తకము ఆనకట్టను గూర్చినది. ఆమె చూచినది అంట్లు తోము పిల్లను. కాని ఆనకట్టకును అంట్లకును గల సంబంధమే ఆ పుస్తకపు సారమని మేము టైడాలో గాని గుర్తింపలేదు. వ్యాఖ్యలను చదువగలవారము గనుక మేము వ్యాఖ్యలనే చదివియుంటిమి.

‘రివర్ ఆఫ్ స్టోరీస్’ 1994లో కల్పవృక్ష సంస్థ పక్షమున వెలువడినది. భారతదేశపు మొదటి బొమ్మల నవలగా దీనిని పెక్కురు లెక్కింతురు. నర్మదా లోయలో సర్దార్ సరోవరమునకు ఎదురునిలిచిన జనుల ఉద్యమము దీనికి ఆధారము. కథలో ఆనకట్ట పేరు రేవాసాగరము. ఊట, నది, సముద్రము అని మూడు భాగములు. రెండు కథలు ప్రక్కప్రక్కన ప్రవహించును: ఒకటి విష్ణువను యువ పత్రికావిలేఖరి లోయకు చేసిన ప్రయాణము, రెండవది మల్గు గాయకుడు వాద్యము మీటుచు పాడు సృష్టికథ. గాయకుని భాగమున రేఖ వంపులు తిరుగును, చెట్టు మేఘమగును, మేఘము నీరగును. విలేఖరి భాగమున గీత నిలువుగా, పొడిగా ఉండును. ఈ భేదమును మాటలతో చెప్పక గీతతోనే చెప్పుట ఈ రచయిత గొప్పతనము. లోపము కూడ కలదు. ఆనకట్టను కోరువారు వ్యంగ్యచిత్రములుగా మిగిలిపోయిరి. వారి వాదమును బలముగా చెప్పనిచ్చి, ఆపై ఓడించుటకు రచయిత పూనుకొనలేదు. అయినను ఈ పుస్తకము విష్ణువు కండ్లతో మాత్రమే చూడుమని మనలను నిర్బంధింపదు. ఆ నగరవాసి కన్న ముందే పాట మొదలైనది. ఆతడు లేకున్నను సాగును. ఈ పుస్తకమునకు కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ నుండి కొంత ధనసహాయము లభించినది. ప్రభుత్వపు ఆనకట్టను ప్రశ్నించు పుస్తకమునకు ప్రభుత్వమే కాగితపు ఖర్చిచ్చిన ఆ కాలము వేఱు. ఆనకట్ట 2017లో ప్రారంభోత్సవము జరుపుకొన్నది. పుస్తకము 2022లో చెన్నపట్టణమునుండి మరల అచ్చయినది. ఓడిన పక్షపు కథ నిలిచియుండుటకు కారణము దానిలోని వాదము కాదు, పాట అని మా అభిప్రాయము.

విశ్వజ్యోతి ఘోష్ రచించిన ‘ఢిల్లీ కామ్’ (2010) దీనికి భిన్నమైనది. 1975 జూను 25న ప్రకటితమై 1977 మార్చి వఱకు సాగిన అత్యవసర పరిస్థితి దాని వస్తువు. పాతబడిన ఛాయాపటముల గోధుమవన్నెలో గీసిన ఈ పుస్తకమున ఏలికల పక్షము వారు చిఱునవ్వుల ముసుగులు ధరించి తిరుగుదురు. భావన గొప్పది. నిరంకుశత్వము కోపముతో కాక నవ్వుతో వచ్చునను సత్యమును ఇంత సూటిగా పట్టుకొన్న చిత్రకారులు అరుదు. కాని ముసుగు వేసిన క్షణముననే పాఠకునకు తీర్పు అందిపోవును. ఎవరు మనవారు, ఎవరు కారు అని విచారింపవలసిన పని లేదు. ఆ యిరువది యొక్క మాసముల అసలు బాధ అది కాదు గదా! ప్రక్కింటివాడు ముసుగు లేని ముఖముతోనే మాటలాడెను. వాని మాటను ఎంతవఱకు నమ్మవలెనో తెలియక జనులు గొంతు తగ్గించిరి. ఆ సందేహమే భయమునకు మూలము. ముసుగు దానిని తీసివేసినది. పైగా ఈ పుస్తకమున వ్యాఖ్య విపరీతము. వార్తాపత్రికల తీరున మాటలు పుట నిండుగా పరచుకొని బొమ్మలను మ్రింగివేయును. వార్తలపై నిషేధమున్న కాలమును చిత్రించుటకు ఇన్ని మాటలు అవసరమా అని అడుగుటకు మాకు మొగమాటము లేదు.

2011లో వచ్చిన ‘భీమాయన’ యొద్ద కొంచెము ఆగవలెను. దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అను పర్ధాన్ గోండు చిత్రకారులు బొమ్మలు గీయగా, శ్రీవిద్యా నటరాజన్, ఎస్. ఆనంద్ మాటలు కూర్చిరి. బాల్యమున నీరు దొరకని అంబేడ్కరు, 1927లో మహద్ చెరువు నీటికై జనులను నడిపిన అంబేడ్కరు ఇందు కనిపింతురు. ఈ చిత్రకారులు పాశ్చాత్య పద్ధతిలో గడులు గీయుటకు ఒప్పుకొనలేదు. మనుష్యులను పెట్టెలలో మూసిన ఊపిరాడదని వారి భావము. గడుల స్థానమున తమ ఇంటిగోడల ముగ్గుతీరులను వాడిరి. అంతకన్న విశేషము, మాటల చుట్టు గీసిన రేఖ. దయగల మాట పక్షి ఆకారమున వెలువడును. కఱకు మాటకు తేలుకొండి ఉండును. మనసులోని తలపునకు కన్ను ఉండును. సామాన్యముగా మాట బొమ్మకు అర్థము చెప్పును. ఇచ్చట బొమ్మ మాటకు అర్థము చెప్పుచున్నది. ఇదియు పాఠకునకు తీర్పు నందించుటయే కాదా అని ఆక్షేపింపవచ్చును. కొంత నిజమే. కాని తేలుకొండి మనిషికి లేదు, మాటకున్నది; ఒకే మనిషి నోట తేలును పక్షియు రెండును వెలువడగలవు. ముసుగునకును కొండికిని గల అంతరము ఇదియే. మొదటిది మనిషిని శాశ్వతముగా ముద్రించును. రెండవది ఆతడు అప్పుడాడిన మాటను మాత్రమే పట్టుకొనును.

పరదేశమున ఆర్ట్ స్పీగెల్మన్ రచించిన ‘మౌస్’ రెండు సంపుటములును (1986, 1991) ఈ విషయమున ఒరవడి అనదగును. నాజీల మారణకాండనుండి బ్రతికిన తండ్రి కథను కుమారుడు అడిగి తెలిసికొనును. తండ్రి బాధితుడే అయినను సాధువు కాడు. పిసినారి, చిడిముడి మనిషి. దారిలో కారెక్కిన నల్లజాతివానిని చిన్నచూపు చూచినవాడు. కుమారుడు ఇది దాచడు. తాను చేయుచున్న పని సరియా అను సందేహమును సైతము బొమ్మలోనికి తెచ్చెను. 1992లో ఈ గ్రంథమునకు పులిట్జర్ ప్రత్యేక బహుమానము వచ్చినది; 2022 జనవరిలో టెనెసీ రాష్ట్రమున ఒక పాఠశాలా మండలి దానిని పాఠ్యక్రమమునుండి తొలగించినది. మర్జాన్ సత్రాపి ‘పర్సెపొలిస్’ లోని ఇరాను బాలిక చేయు పనియు ఇట్టిదే; పెద్దల విప్లవవాక్యముల నడుమ ఆమె అడుగు చిన్న ప్రశ్నలు కథకు ఊపిరి.

కథలోనే కథకుని ప్రశ్నించు గొంతు ఒకటి ఉండవలెనను ఈ సూత్రము మనకు పరాయిది కాదు. తోలుబొమ్మలాటలో రామరావణులు బాణములు దూసికొనుచుండగా కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు తెరపైకి దూకి వారిని వెక్కిరింతురు. బుఱ్ఱకథలో కథకునకు కుడియెడమల ఇద్దఱు వంతలు. ఒకడు హాస్యము, ఒకడు రాజకీయము. కథకుడు పొంగిపోయి చెప్పుచుండగా హాస్యపు వంత “ఆగవయ్యా, అదెట్లా?” అని అడ్డుపడును. ఆ అడ్డుపాటు లేని బుఱ్ఱకథ ఉపన్యాసమగును. నేటి బొమ్మల నవలలలో వంత కొఱవడినదని మా ప్రధానాక్షేపణ.

కోయవారి డోలీలు కథ చెప్పు పద్ధతి ఇంకను దగ్గరి ఉదాహరణము. పడిగె అను బొమ్మల గుడ్డపటము ఎదుట నుంచుకొని వారు వంశముల కథలు, సమ్మక్క సారలమ్మల కథయు పాడుదురు. కఱవు కాలమున కప్పము కట్టనందుకు కాకతీయ ప్రతాపరుద్రుని సేనతో పోరి మేడారమున కూలినవారి కథ అది; ధిక్కారమును బొమ్మలతో చెప్పుటకు మన ప్రాంతమున ఇంతకన్న పాతది చూపుట కష్టము. ఈ పరంపరకు చెందిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ లభించినది. ఇచ్చట గమనింపవలసినది, పటము తనంత తాను మాటలాడదు. గాయకుడు విప్పి చెప్పవలెను. కనుక రచయిత వచ్చి బొమ్మను వివరించుట దోషమని మేము దుకాణమునుండి బయల్వెడలునప్పుడు అనుకొన్నది తొందరపాటు. కథకుడు బొమ్మ ప్రక్కన నిలుచుట మన సంప్రదాయమే. తేడా ఎదుట కూర్చున్నవారిలో ఉన్నది. డోలీ ఎదుట కూర్చున్నవారు ఆ కథలోనివారి సంతతి. తమ ఇంటిపేరు దాటిపోయినచో వారు ఊరకుండరు. దుకాణములోని కుర్చీలలో ఆ నవలలోనివారి మనుమలు లేరు. ఉన్నవారము కాగితమును గూర్చి అడిగితిమి.

ఇక మన్యపు మాట. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము తరువాత పోడునకు కలిగిన నిర్బంధములు, గూడెము కొండలలో రోడ్డు పనికై వెట్టి, ముఠాదారుల హక్కుల హరణము, వీనినుండి 1922–24 నాటి పితూరీ పుట్టినది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలు వరుసగా కొల్లపోయినవి. ఈ కథ వినగానే మన కన్నులకు కట్టు బొమ్మ ఒక్కటే: గడ్డము, కాషాయము, విల్లు. ఆ బొమ్మయందు మాకు భక్తి లేక కాదు. కాని ఆ బొమ్మ వెనుక గుంపుగా, ముఖములు లేక నిలిచినవారెవరు? గాం గంటం దొర, గాం మల్లు దొర, కంకిపాటి ఎండు పడాలు, ఇంకను పేరు లేని వందలు. సీతారామరాజు 1924 మే 7న కొయ్యూరు ప్రాంతమున కాల్చబడగా తరువాతి నెలలో గంటం దొర పడిపోయెను. మల్లు దొర పట్టుబడి ఏండ్ల తరబడి కారాగారమున ఉండి, 1952లో విశాఖపట్టణమునుండి మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యెను. ఠాణాపై దాడి చేసిన మనిషి పార్లమెంటు కుర్చీలో కూర్చున్న దృశ్యమును ఊహింపుడు. అచ్చట ఆతడేమి చూచెను? ఎవరితో మాటలాడెను? బొమ్మల నవలకు ఇంతటి పుట దొరకునా! ఆ పుటలో విల్లు లేదు గనుక చిత్రకారుని కన్ను అటు పోదు.

నేడు సీతారామరాజు పేరు జిల్లా పేరు. కచేరీ పలకలపై, అర్జీల తలకట్టుపై, రబ్బరు ముద్రపై ఉన్నది. తిరుగబడినవాని పేరును ప్రభుత్వము తన పేరుగా చేసికొన్నది. ఇది గౌరవమే. కాని ధిక్కారపు బొమ్మ ఒక్క ముఖముగా గడ్డకట్టినపుడు అధికారమునకు దానిని ఎత్తి గోడకు తగిలించుట ఎంత సులభమో దీనివలన తెలియును. వందముఖముల బొమ్మను తగిలించుట కష్టము. వారిలో ఎవడో ఒకడు తన అర్జీ సంగతి అడుగును.

టైడా దాటి చిమిడిపల్లి, దాని తరువాత బొఱ్ఱా. గుహలను చూచుటకు వచ్చువారికి తెలియని మఱియొక కథ ఆ బొఱ్ఱా చుట్టుప్రక్కల గ్రామములలో జరిగినది. అనంతగిరి మండలమున గిరిజన భూములను గనులకై ప్రైవేటు సంస్థలకు కౌలునకిచ్చుటను ‘సమత’ సంస్థ న్యాయస్థానమున ప్రశ్నించినది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, షెడ్యూల్డు ప్రాంతములలో గిరిజనేతరులకు భూమి బదిలీని నిషేధించిన 1959 నాటి నిబంధన (1970లో సవరింపబడినది) లోని ‘వ్యక్తి’ అను పదమున ప్రభుత్వము కూడ చేరునని నిర్ణయించినది. ప్రభుత్వమైనను తన భూమిని గిరిజనేతరులకు గనుల కౌలునకు ఈయరాదు. శబ్దార్థ విచారణయే వృత్తిగా గల మాకు ఇంతకన్న ఆనందము కలిగించిన పదవ్యాఖ్య అరుదు. ఒక్క నామవాచకమున ఎవరెవరు చేరుదురు అను వ్యాకరణప్రశ్నపై కొండ నిలిచినది.

ఈ కథను ఎవరు గీయగలరు? ఇందు బాణము లేదు, ఠాణా లేదు, కాషాయము లేదు. ఉన్నవి కాగితములు, సంతకములు, వేలిముద్రలు, ఏండ్ల కొలది వాయిదాలు, బండి దిగి నడచిన దారులు. దీర్ఘ నిరీక్షణమును గీయుటకు బొమ్మల నవలకు మంచి సాధనమున్నది: ఒకే బొమ్మను కొద్దికొద్ది మార్పులతో గడి తరువాత గడిలో మరల మరల చూపుట. గదిలో అదే బల్ల, అదే ఫంకా, క్యాలెండరు మాత్రమే మారును. నవలాకారునకు పది పుటలు పట్టునది ఇందు ఒక్క పుటలో వచ్చును. ఈ సాధనమును పోరాటఘట్టములకు కాక ఈ నిరీక్షణమునకు వాడువాడు వచ్చినపుడు ఈ ప్రక్రియ తన బలమును తానెఱుగును. వానికి మా సలహా ఒక్కటి: వ్యాఖ్యను అచ్చునకు పంపకముందు బొమ్మలను మాత్రము తీసికొని ఆ ఊళ్లకు పోయి చూపవలెను, ఎచ్చట వ్రేలు నిలిచినదో వ్రాసికొనవలెను.

పాటలు ముగిసిన పిదప మా విద్యార్థిని ఆ వృద్ధురాలితో, విశాఖలో ఇట్టి పుస్తకములు వ్రాసినవారు వచ్చి మాటలాడుదురనియు, ఒకసారి రమ్మనియు చెప్పెను. ఆమె ఎప్పుడు అని అడిగెను. సాయంకాలములందు అని చెప్పితిమి. ఆమె కొంచెముసేపు లెక్కవేసి, “సాయంత్రం బండికి దిగితే మళ్లీ పొద్దున్నే గదా బండి. రాత్రి ఎక్కడ పడుకునేది బాబూ?” అనెను. మా విద్యార్థిని తన వసతిగృహము పేరు చెప్పెను. ఆమె ఆ పేరును రెండుమారులు పలికి చూచుకొని, అది మనుమరాలుండు ఇంటికి ఎంత దూరమని అడిగెను.